మీసాల అధికారి

జూన్ 4

అత్తా,

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టాలి. కానీ నువ్వు అబద్ధం వాసన ఇట్టే పట్టేస్తావు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

మా గదిలో ఇప్పుడు మాకు చోటు లేదు. మా వాణిజ్య శాఖ బయటినుంచి కన్సల్టెంట్లను పిలిపించింది. చిన్న వ్యాపారులకు ప్రభుత్వం సాయం చేయడం అవసరమా, చేస్తే మేము ముగ్గురం చేయడం అవసరమా అన్నది వాళ్ళు తేల్చాలి. తేల్చడానికి బల్ల కావాలన్నారు. మా బల్ల ఇచ్చాం. కుర్చీలు కావాలన్నారు. అవీ ఇచ్చాం. నేనూ, కునుకు గారూ, టైపిస్టమ్మా ఇప్పుడు వరండాలో బీరువా పక్కన కూర్చుంటున్నాం. కునుకు గారంటే మా సీనియర్ గుమాస్తా. ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. కుర్చీలో కంటే బీరువాకు ఆనుకుంటేనే నిద్ర బాగా పడుతోందంటున్నారు.

వాళ్ళు గోడనిండా రంగురంగుల కాగితం ముక్కలు అంటించారు. పసుపు అంటే సమస్య. ఆకుపచ్చ అంటే అవకాశం. నా పేరు గులాబీ రంగు ముక్కమీద ఉంది. గులాబీ అంటే ఏమిటని అడగడానికి ధైర్యం చాలలేదు.

"ఇదంతా మిమ్మల్ని బలపరచడానికే" అన్నారు డైరెక్టరు గారు. ఆ మాట విన్న సాయంత్రమే టైపిస్టమ్మ తన టీ కప్పు ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

ఒక సంగతి. మేము సాయం చేసినవాళ్ళలో కొందరిని వాళ్ళు కలుస్తారట. నీ బ్రష్షుల కార్ఖానా కూడా ఆ వరసలో ఉంది. నాణ్యత ముద్ర విషయంలో నీకు చేసిన పని, సబ్బులాయనకూ తాళాలాయనకూ చేసిన పనే. నువ్వు మా అత్తవని మొదటిరోజే డైరెక్టరు గారికి చెప్పి, ఆయన సరేనన్నాకే చేశాను. అయినా వాళ్ళ ముందు మన చుట్టరికం ఎత్తకు. మేనత్తకు మేనకోడలు చేసింది, ఇందులో గొప్పేముంది అనేస్తారు. అబద్ధం చెప్పమనడం లేదు. ఊరికే చెప్పకుండా ఉండమంటున్నాను.

విభాగం మూసేస్తే నన్ను తూకపురాళ్ళ గోదాముకు పంపుతారని వినికిడి. అక్కడికి మనుషులు రారు. రాళ్ళే ఉంటాయి. "నీలాంటి మూగదానికి అదే నయం" అంటావేమో. కానీ అత్తా, నాకు ఈ పని ఇష్టం. ఎవరో ఒక నోటీసు పట్టుకుని వణుకుతూ వస్తారు. వెళ్ళేటప్పుడు ఆ వణుకు ఉండదు. పెద్దగా నోరు విప్పకుండా చేయగలిగిన మంచిపని నాకు ఇదొక్కటే దొరికింది.

నీ
పిచ్చుక


జూన్ 13

కోడలు పిల్లా,

ఫోన్ చేద్దామనుకున్నా. కానీ ఫోన్లో నీ మాట వినపడాలంటే కార్ఖానాలో మిషన్లన్నీ ఆపించాలి. ఉత్తరమే నయం. కాగితం మీద నీకు నోరుంటుంది.

వచ్చారు. ఇద్దరు. మొనతేలిన బూట్ల అబ్బాయి ఒకడు, నేను దగ్గినా టైపు చేసుకునే అమ్మాయి ఒకతె. అబ్బాయి వెంట్రుకల మూట మీద కూర్చోబోయాడు. "పందివెంట్రుకలు నాయనా, గుచ్చుకుంటాయి" అన్నా. "పర్వాలేదండీ, మాకు క్షేత్రస్థాయి అనుభవం కావాలి" అన్నాడు. కావలసినంత దొరికింది. మిగతా ప్రశ్నలన్నీ నిలబడే అడిగాడు.

"మీ అతిపెద్ద సవాలు ఏమిటి?" అన్నాడు. మా మేస్త్రీ, అన్నా. ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి మెచ్చుకున్నట్టు నవ్వుతున్నాడు. "అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?" అన్నాడు. అద్దంలో, అన్నా. ఆ అమ్మాయి అదీ టైపు చేసింది.

తర్వాత అసలు ప్రశ్న. ముద్ర కోసం పడ్డ తిప్పల్లో నాకు అండగా నిలబడిందెవరని. నీ మాట గుర్తొచ్చింది. ఒక ఆడపిల్ల అన్నాననుకో, ఎలా ఉంటుంది అంటారు, మీ ముక్కులాంటి ముక్కే కదా అంటారు. మన ముక్కు దాస్తే దాగేదా? అందుకని మగాడన్నా. ఎలాంటి మగాడు అన్నాడు. నోటికొచ్చింది చెప్పా. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, కంచు గొంతు. ఆయన గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంటే చాలు, ఇన్‌స్పెక్టరు కూర్చున్నవాడల్లా లేచి నిలబడేవాడన్నా. చుట్టరికం మాత్రం ఊదలేదు. చూశావా, మీ అత్త నోరు ఎంత పొదుపో!

నువ్వు చేసిన పని మాత్రం ఉన్నదున్నట్టే చెప్పా. సీసాలు కడిగే బ్రష్షులు ఎన్ని సైజులుంటే అన్ని పరీక్షలకు ఫీజు కట్టమన్నారు ముద్రవాళ్ళు, కుచ్చూ తీగా ఒకటే అయినప్పుడు ఒక్క పరీక్ష చాలని వాళ్ళ నిబంధనే వాళ్ళకు తీసి చూపించాడు, లేకపోతే ఈపాటికి కార్ఖానాకు తాళం పడేది అని. కళ్ళు తుడుచుకున్నా కూడా. అవి మాత్రం నిజం నీళ్ళేలే.

గులాబీ రంగంటే ఏముంటుంది, నచ్చిన పిల్ల అని. కాస్త కడుపునిండా తిను.

అత్త


జూన్ 20

అత్తా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. చదివిన ప్రతిసారీ మీసం అక్కడే ఉంది.

మా శాఖలో గుబురు మీసం ఉన్నది ఒక్క లిఫ్టు నడిపే ఆయనకే. ఆయన నా భుజం దాకా వస్తారు.

గోడ మధ్యలో ఇప్పుడు పెద్ద బంగారు రంగు కాగితం వెలిసింది. దానిమీద ఒక మీసం బొమ్మ, కింద 'మీసాల అధికారి' అని పేరు. నాలుగు మూలలనుంచీ దారాలు వచ్చి దానికే చుట్టుకున్నాయి. నీ దగ్గరినుంచి తిరిగొచ్చాక వాళ్ళు సబ్బులాయన్ని, "పొడుగ్గా, మీసంతో ఉండే అధికారి మీకూ సాయం చేశారా?" అని అడిగారు. ఆయన పాపం, కోటు వేసుకున్నవాళ్ళు ఏం అడిగినా అవుననే అంటారు. తాళాలాయన ఇంకో అడుగు ముందుకేసి, మంచి సరదా మనిషండీ అన్నారట.

శాఖలోనే అడిగి తెలుసుకోవచ్చు కదా అంటావు. లోపలివాళ్ళను అడిగితే నిష్పాక్షికత చెడుతుందట. చివరికి నేనే ధైర్యం చేసి మొనబూట్ల ఆయన దగ్గరికి వెళ్ళాను. "అలాంటివారు మా దగ్గర ఎవరూ లేరండీ" అన్నాను. ఆయన గంభీరంగా తలూపి రాసుకున్నారు. సాయంత్రం గోడమీద కొత్త ముక్క కనిపించింది. 'సహోద్యోగులకు ఆయన విలువ తెలియదు.'

ఇంకోసారి గట్టిగా చెప్పాల్సింది. చెప్పలేదు. నా సంగతి నీకు తెలుసు. సమావేశాల్లో నేను డైరెక్టరు గారి వెనక కుర్చీలో కూర్చుంటాను. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన ఎడమచెయ్యి వీపు వెనక్కి వస్తుంది. నేను అందులో చీటీ పెడతాను. ఆయన మాట్లాడతారు. అందరూ ఆహా అంటారు. ఈ ఏర్పాటు ఇద్దరికీ బాగుంది. నాకు మాట్లాడే బాధ లేదు, ఆయనకు తెలుసుకునే బాధ లేదు.

దయచేసి ఇంకేమీ కల్పించకు. గులాబీ అంటే ఏమిటో తెలిసింది. 'తొలగించదగినవి.'

పిచ్చుక


జూన్ 28

పిచ్చుకా,

నీ ఉత్తరం కంటే ఆ టైపు అమ్మాయి ముందొచ్చింది. మీసాల ఆయన గురించి మరింత లోతుగా కావాలంది. నేనేం చేసేది? కన్నాక పెంచాలి కదా. టీలో చక్కెర వేసుకోడన్నా. చూపుడువేలికి ఎప్పుడూ ఇంకు మరక ఉంటుందన్నా. (అది నీదే. కాస్త సబ్బుతో కడుక్కో.) ఎదుటివాడు చెప్పేది పూర్తయ్యేదాకా వింటాడు, ఎంత మొండివాడితోనూ విసుక్కోడు, నిబంధన ఉందని ఊరికే అనడు, పేజీ తీసి వేలు పెట్టి చూపిస్తాడు అన్నా. చెప్పుకుంటూ పోతే తేలిందేమంటే, మీసమూ గొంతూ తప్ప మిగతాదంతా నువ్వే.

"ఆయన మీకు అంతగా గుర్తుండిపోయారా అమ్మా?" అంది ఆ పిల్ల, జాలిగా చూస్తూ. నాకు ఆయన మీద మనసుందనుకుంటోంది! ఈ వయసులో దొరక్క దొరక్క ఒకడు దొరికితే, వాడికి ఒళ్ళు లేదు.

నీమీద కోపం కూడా వచ్చింది. తప్పు దిద్దడానికి వెళ్ళినదానివి "లేరండీ" అని వచ్చేస్తావా? "అది నేనే" అనడానికి ఏం వచ్చింది? కాన్వెంటు బడిలో సిస్టర్లు నీకు నెమ్మదిగా మాట్లాడటం నేర్పారు, బానే ఉంది. అసలు మాట్లాడకపోవడం ఎవరు నేర్పారే? నేను నీకు ఆరడుగుల ఒళ్ళూ కంచు గొంతూ ఇస్తే, నువ్వేమో ఇంకా కల్పించకు అంటావు.

అత్త


జూలై 10

అత్తయ్య గారికి,

మీ ఉత్తరం అందింది. నేను వద్దన్నది చుట్టరికం ఒక్కటే. మనిషిని మార్చమనలేదు.

నివేదిక వచ్చింది. నున్నటి అట్టలతో చాలా బరువుగా ఉంది. టైపిస్టమ్మ ఒక ప్రతిని వరండా తలుపుకు అడ్డం పెట్టింది. మా విభాగాన్ని మూసేయమన్నారు. మా పనంతా మీసాల అధికారి ఒక్కరికే అప్పగించమన్నారు. ఆయన పద్ధతులను మిగతా విభాగాలకు నేర్పించడానికి బయటివాళ్ళను పెట్టుకోమన్నారు. ఆ బయటివాళ్ళెవరో మీరు ఊహించగలరు. మా ముగ్గురి జీతాలూ కలిపినా ఆ ఖర్చుకు చాలవు.

మంత్రిగారు మా డైరెక్టరు గారిని పిలిచి, ఎవరయ్యా ఈ రత్నం అని అడిగారట. డైరెక్టరు గారు తల వంచుకుని, "వినయం కొద్దీ ఇన్నాళ్ళూ చెప్పలేదండీ" అన్నారట. మర్నాటినుంచి ఆయన గడ్డం గీసుకుంటున్నారు, పైపెదవి వదిలేస్తున్నారు. మొదట్లో మేము కాఫీ మరక అనుకున్నాం. ఇప్పుడు దాన్ని వేలితో నిమురుతున్నారు. టీలో చక్కెర మానేశారు. చూపుడువేలికి ఇంకు రాసుకుంటుండగా చూశానని కునుకు గారు అంటున్నారు. ఆయన కలలు కూడా కంటుంటారు కాబట్టి రూఢిగా చెప్పలేను.

బయటి సలహాదారులకు ఇంత డబ్బు ఎందుకు పోశారని శాసనసభ ఖర్చుల కమిటీ అడుగుతోంది. నెలాఖరున విచారణ. నివేదికలో అన్నిటికంటే పొడుగ్గా ఉన్నవి మీ మాటలే కాబట్టి మీకూ పిలుపు వస్తుంది. డైరెక్టరు గారి జవాబులు నేనే రాస్తున్నాను. ఆ మీసాల అధికారి తానేనని ఆయన చెప్పే వాక్యం కూడా నన్నే రాయమన్నారు. రాశాను. మంచి వాక్యమే వచ్చింది.

నన్ను గోదాముకు పంపే ఉత్తర్వు సిద్ధమైంది. టైపిస్టమ్మే కొట్టింది, ముక్కు చీదుకుంటూ.

భవదీయురాలు,
మీ మేనకోడలు


జూలై 17

ఓసి నా తల్లీ,

అత్తయ్య గారా! మీరా! భవదీయురాలా! కోపమొస్తే తలుపు వేసుకునే పిల్లవి, ఈసారి ఉత్తరంలోనే తలుపేశావు.

తప్పు నాదే. ఒప్పుకుంటున్నా. సరదాగా మొదలుపెట్టి, తర్వాత నా నోటి రుచికి చెప్పుకుంటూ పోయా. కానీ ఒక్కటి. ఆ వాక్యం రాశాను, మంచిగా వచ్చింది అన్నావు చూడు, అది చదివాక నాకు చెయ్యి ఆడలేదు. నీ ఒళ్ళు నీచేతే ఒలిపించి తను తొడుక్కుంటున్నాడే! దానికి నువ్వు బొత్తాలు కూడా కుట్టిపెట్టావా?

కమిటీ పిలుపు వచ్చింది. మేస్త్రీ దాన్ని తెచ్చి, ఎవరో పోయారేమో అన్నట్టు మొహం పెట్టి ఇచ్చాడు. నేనేం చెప్పాలో నువ్వే చెప్పు. నిజం చెబితే అత్తాకోడళ్ళు కలిసి ఆడిన నాటకం అంటారు. చెప్పకపోతే ఆ మొలకమీసం నీ కుర్చీ ఎక్కుతుంది. ఈసారి నా తెలివి వాడను. నువ్వు రాసిందే చదువుతా.

నీ అత్తే, ఎవరి అత్తయ్య గారూ కాదు


జూలై 21

అత్తా,

నిజం చెప్పు. చుట్టరికంతో సహా.

నాటకం అంటే అననీ. ఎలాగూ గోదాముకే వెళ్తున్నాను. కానీ కునుకు గారికి పింఛను వయసు ఇంకా రాలేదు. ఆ పెద్దాయన్ని కొత్తచోట ఎవరు పడుకోనిస్తారు?

నేను ఎప్పటిలాగే డైరెక్టరు గారి వెనక కూర్చుంటాను. చెప్పేటప్పుడు నావైపు చూడకు. నువ్వు చూస్తే అందరూ చూస్తారు.

కోపం పోయింది. పూర్తిగా కాదు.

పిచ్చుక


జూలై 25

పిచ్చుకా,

కాలు మడతపడింది. ఎడమది. వెంట్రుకల మూట దాటబోతే జారింది. డాక్టరు కదలొద్దన్నాడు. రాలేనని కమిటీకి కబురు పెట్టించా.

ఇక ఆ గదిలో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే ఉంటారు. ఒకాయనకు మీసం ఉంది. ఇంకొకతెకు నోరుంది. ఉందనే నా నమ్మకం.

అత్త


జూలై 31

అత్తా,

నీకు నేను చెప్పాల్సినవి రెండున్నాయి. మొదటిది విచారణ. రెండోది నీ కాలు.

పెద్ద హాలు. గుర్రపునాడాలా వంచిన బల్ల. అధ్యక్షురాలు పెద్దావిడ, కళ్ళజోడు ముక్కు చివర ఉంటుంది, పైనుంచే చూస్తారు. ముందు మొనబూట్ల ఆయన తెరమీద బొమ్మలు వేసి చాలాసేపు మాట్లాడారు. ఆవిడ ఓపిగ్గా విని, "ఇంతకీ ఈయన్ని మీరు చూశారా?" అన్నారు.

"మేము వ్యక్తులను కాదండీ, ధోరణులను చూస్తాం."

"ధోరణికి మీసం ఉంటుందా నాయనా?"

ఆయన నీళ్ళు తాగారు. నిన్ను పిలిచారు. రాలేదని తెలిసి డైరెక్టరు గారి మొహం వెలిగింది. లేచి, మీసం ఒకసారి నిమిరి, నేను రాసిన వాక్యం చదివారు. బాగా చదివారు. నాకే నమ్మకం కలిగింది.

"అయితే ఆ బ్రష్షుల కార్ఖానాకు మీరే వెళ్ళారన్నమాట" అన్నారు ఆవిడ.

"చాలాసార్లు వెళ్ళానండీ."

"గుమ్మం దాటగానే ఏముంటుంది?"

ఆయన ఎడమచెయ్యి వీపు వెనక్కి వచ్చింది.

అత్తా, తాను చూసినదేమిటో చెప్పడానికి ఆయనకు నా చీటీ కావాలి. నేను పెన్ను తీశాను. అలవాటు. 'వెంట్రుకల' దాకా రాశాను. ఆయన వేళ్ళు గాలిలో, తొందరగా, తొందరగా అన్నట్టు ఆడుతున్నాయి. ఆ వేళ్ళను చూస్తూ లేచి నిలబడ్డాను. కుర్చీ కిర్రుమంది. అందరూ తిరిగి చూశారు. మళ్ళీ కూర్చోవాలంటే ఇంకా ఎక్కువ ధైర్యం కావాలి. అది నా దగ్గర లేదు.

"వెంట్రుకల మూటలుంటాయండీ" అన్నాను.

"వినపడటం లేదమ్మా."

"వెంట్రుకల మూటలుంటాయండీ. వాటిమీద కూర్చోకూడదు." మొనబూట్ల ఆయన కొంచెం కదిలారు.

"నువ్వెవరమ్మా?"

"ఆ మీసాల అధికారిని నేనేనండీ."

హాలంతా గొల్లుమంది. మొనబూట్ల ఆయన పక్కనున్న టైపు అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఆమె నా చూపుడువేలు చూస్తోంది. మొదటిసారి ఆమె టైపు చేయడం ఆగిపోయింది.

నవ్వు ఆగాక చుట్టరికం కూడా నేనే చెప్పాను. ఆమె మా మేనత్త, ఆ సంగతి మొదటిరోజే డైరెక్టరు గారికి చెప్పాను అన్నాను. ఆవిడ ఆయనవైపు తిరిగి, "చెప్పిందా?" అన్నారు. ఆయన గుర్తులేదన్నారు. అప్పుడు వెనకవరసలోంచి ఒక గొంతు వచ్చింది. "చెప్పిందండీ. నేను మెలకువగానే ఉన్నాను." కునుకు గారు. కళ్ళు మూసుకునే చెప్పారు.

తర్వాత ఆవిడ నన్ను చాలా అడిగారు. జవాబులు చీటీల మీద రాసుకోవడానికి వ్యవధి లేదు. నోటితోనే చెప్పాను. గొంతు వణికింది. వణికితే వణికింది.

ఇప్పటికైతే ఆ నేర్పించే కాంట్రాక్టు ఆపేశారు. మూసివేత, నా గోదాము ఉత్తర్వు రెండూ కమిటీ తేల్చేదాకా పక్కన పెట్టమన్నారు. ఏం తేలుస్తారో తెలియదు. మా బల్ల తిరిగి ఇచ్చారు. కుర్చీలు ఇంకా ఇవ్వలేదు. గులాబీ ముక్కను నేనే పీకేశాను. డైరెక్టరు గారు మీసం తీసేశారు. నాతో మాట్లాడటం లేదు, కానీ ఆయన చెయ్యి కూడా వెనక్కి రావడం లేదు. విచారణ సంగతి సగమే విన్నవాళ్ళంతా లిఫ్టాయనకు నమస్కారాలు పెడుతున్నారు. ఆయన వద్దనడం లేదు.

ఇక రెండోది. నాకు ఎడమకాలు అని రాశావు. కమిటీకి పంపిన కబురులో కుడికాలు అని ఉందని అధ్యక్షురాలి గుమాస్తా చెప్పాడు. ఏ కాలు అత్తా?

పిచ్చుక


ఆగస్టు 8

అధికారి గారూ,

మనిషికి రెండు కాళ్ళున్నాక ఎప్పుడు ఏది మడతపడుతుందో ఎవరు చెప్పగలరు? రెండూ ఇప్పుడు బాగానే ఉన్నాయి. నీ ఉత్తరం రాగానే మిషన్ మీదికెక్కి అందరికీ చదివి వినిపించా. మేస్త్రీ "మా పిచ్చుకమ్మే!" అని ఒకటే గంతులు. గంతుల్లో ఆ మహానుభావుడి కాలు మాత్రం నిజంగా మడతపడింది.

ఆ టైపు అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి యంత్రం లేదు, ఉత్త చేతుల్తో వచ్చింది. ఉద్యోగం మానేస్తుందట. బ్రష్షు ఎలా కడతారో చూపించమంది. చూపించా. వేళ్ళు చురుకే. "నిజంగా ఆయన మీద మీకు మనసు లేదా అమ్మా?" అంది పోతూ పోతూ. ఉంది, ఆయన పుట్టినప్పట్నుంచీ ఉంది అన్నా.

దీనితో చిన్న పొట్లం పంపుతున్నా. ఇంత చిన్నది మా కార్ఖానాలో ఎప్పుడూ కట్టలేదు. మెత్తటి వెంట్రుక ఏరి, నేనే కూర్చుని కట్టా. మీసం దువ్వుకోవడానికి. బల్లమీద అందరికీ కనబడేలా పెట్టుకో. దీనికి వేరే పరీక్ష ఫీజు కట్టాలేమో చూసి చెప్పు.

ఇకమీదట ఉత్తరాలు వద్దు. ఫోన్ చెయ్యి. మిషన్లు మాత్రం ఆపించను.

అత్త